మూడో పిలుపు

రెండో పాట అయిపోయింది. ఇక ప్రార్థన, వాక్యం, కానుకలు, ఆ పైన ప్రకటనలు, ఆ ప్రకటనల్లో హెలెన్ పెళ్లి మూడో పిలుపు. చెప్పదలుచుకున్నది చెప్పడానికైనా, చెప్పకుండా మింగేయడానికైనా రెబెక్కాకి మిగిలింది ఆ కాస్త సేపే, ఆ కాస్త సేపూ ఆమె చాప మీద కుదురుగా కూర్చోలేక మోకాలు మార్చి మోకాలు మడుస్తూ, సర్దుకున్న కొంగే మళ్లీ సర్దుకుంటూ, మగవాళ్ల వైపు చూడకూడదనుకుంటూనే చూస్తోంది. అక్కడ మూడో వరసలో జెర్రీ కూర్చున్నాడు, పెళ్లికొడుకు, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్వైజరు, తెల్లచొక్కా చేతులకి మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, ఈ మే నెల ఉక్కలో ఎవడైనా అలా గుండీలు పెట్టుకుంటాడా, చేయి దాచుకోవలసినవాడు తప్ప. ఆమెకి ఇటు పక్క చెల్లెలు హెలెన్, అటు పక్క అమ్మ దయామణి. జలంత్రకోట బాప్టిస్టు సంఘంలో ఏ పెళ్లికైనా వరసగా మూడు ఆదివారాలు పిలుస్తారు, ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పమంటారు, మూడో పిలుపు దాటాక ఇక ఎవరి నోరూ లేవకూడదు. ఇంతవరకు ఎవరి పెళ్లికీ ఎవరూ లేవగా రెబెక్కా చూడలేదు. అందరూ ఆ మాటను పంతులు గారి దగ్గు విన్నట్టే విని ఊరుకుంటారు, ఆమె కూడా మొన్నటిదాకా అలాగే ఊరుకుంది.

ఆ చొక్కా చేతి కింద, ఎడమ మోచేతి మడతలో, ఆమె దూది చూసింది. పోయిన వారం టెక్కలి నుంచి బస్సులో వస్తూ కాశీబుగ్గలో దిగి, హెలెన్ జాకెట్లు తేవడానికి టైలరు సందులోకి తిరిగితే ఆ సందు మొదట్లోనే రక్తపరీక్షల ల్యాబు, దాని ముందు బల్ల, బల్ల మీద కవిటి నుంచీ మందస నుంచీ సంతబొమ్మాళి నుంచీ వచ్చిన జనం, ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోకుండా గోడ మీద క్యాలెండరు చూస్తున్న జనం, వాళ్ల మధ్య జెర్రీ, చేయి మడిచి పట్టుకుని. ఆమెను చూసి గబుక్కున లేచాడు, లేవడంలో చేయి చాపాడు, చాపడంలో దూది కనిపించింది. ఏటి జెర్రీ, అంది. "ఏటీ నేదు వదినా, ఫ్రెండొకడికి తోడొచ్చాను" అన్నాడు, అని దూది మీద అరచేయి పెట్టాడు. తోడొచ్చినవాడికి దూదెందుకు? ఇంకో ఊళ్లో అయితే ఆ దూదికి నానా అర్థాలుంటాయి, జ్వరం కావచ్చు, ఉద్యోగం కోసం పరీక్ష కావచ్చు, ఎవరికైనా రక్తం ఇచ్చి ఉండొచ్చు. ఉద్దానంలో మోచేతి మీద దూదికి ఒక్కటే అర్థం, ఇక్కడ దూది చూసినవాళ్లు జ్వరమా అని అడగరు, ఎంతున్నాది అని అడుగుతారు, ఆ ఎంత అన్నది కిడ్నీ లెక్క అని అడిగినవాళ్లకీ తెలుసు, అడిగించుకున్నవాళ్లకీ తెలుసు. క్రియాటినిన్ అనే మాటకి నోరు తిరగని ముసలమ్మలు కూడా అది ఎంత దాటితే మనిషి మిగలడో చెప్పగలరు.

నీకు తెలుసా రెబెక్కా, తెలుసనుకుంటున్నావా, అని అడిగారు జగదీశ్వరరావు గారు, ఆమె ఫోనులో ఆ దూది సంగతి చెప్తే. విశాఖలో ఆమె ఫిలాసఫీ పరిశోధనకి ఆయనే గైడు, ఇల్లు అంటుకుందని చెప్పినా ముందు అంటుకోవడమంటే ఏమిటో తేల్చుకుందామనే మనిషి. ఆమెకి ఒళ్లు మండింది. చెల్లెలి పెళ్లి సార్, అంది. అందుకే అడుగుతున్నానమ్మా, అన్నారాయన నెమ్మదిగా. ఆమె రాస్తున్నదే ఆ ముక్క మీద కదా, మూడేళ్లుగా. మనిషికి తెలిసినదాంట్లో తన కళ్లతో చూసింది ఎంత, పక్కవాళ్లు చెప్తే నమ్మింది ఎంత? తన పుట్టినరోజు అమ్మ చెప్తే తెలిసింది, సముద్రానికి అవతల దేశాలున్నాయని టీచరు చెప్తే తెలిసింది, ఇవన్నీ తెలిసినవా, నమ్మినవా? అనుమానించడానికి కారణం లేనంతవరకు ఎదుటివాళ్ల మాటని నమ్మొచ్చు, ఆ నమ్మకం తెలియడం కింద లెక్కే అని ఆమె వాదన. కాదు, చెప్పేవాడు నమ్మదగినవాడని విడిగా రుజువుండాలని ఎదటి పక్షం. ఈ రెంటి మధ్యా కాలు కాలిన పిల్లిలా తిరగడానికే యూనివర్సిటీ వాళ్లు ఫెలోషిప్పు ఇస్తున్నారని ఊళ్లో ఎవరితో చెప్తుంది? ఎదురింటి సింహాచలమ్మ అడగనే అడిగింది, "పిలాసపీ అంటే ఏటే గుంటా, ఏటి సెప్తారందులో?" నిజం అంటే ఏటో సెప్తారు పిన్నీ, అంది ఈమె. "అయితే మరి తెగిందేటి?" అంది సింహాచలమ్మ చేట దులుపుకుంటూ. ఇంకా తెగలేదు పిన్నీ, అని చెప్పడానికి ఆ పూట సిగ్గేసింది గానీ, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది.

పంతులు గారు ప్రార్థన మొదలుపెట్టారు, ఆయన ప్రార్థన పొడుగు, వర్షాల నుంచి ప్రధానమంత్రి దాకా అందరినీ తాకి వస్తుంది, అందరూ కళ్లు మూసుకున్నారు, రెబెక్కా మూసుకుని తెరిచింది. కళ్లు మూస్తే పలాస రైల్వే గేటు కనిపిస్తోంది. సెమినారులో ఆమె చెప్పిన ఉదాహరణ అది, పుస్తకాల్లో ఉదాహరణలన్నీ మంచు పడే ఊళ్లవి ఎందుకు, మన ఊరిది ఒకటి చెప్పమ్మా అని జగదీశ్వరరావు గారు అంటే చెప్పింది. గేటు పడింది, కాబట్టి రైలొస్తోందని నువ్వు నమ్మావు, రైలొచ్చింది కూడా. కానీ గేటు వేసింది ఇచ్ఛాపురం వైపు నుంచి రావలసిన గూడ్సు కోసం, అది మందస దగ్గరే చెడిపోయి ఆగిపోయింది, వచ్చిన రైలు నౌపడ వైపు నుంచి, దాని సంగతి గేటు వేసినవాడికే తెలియదు. నీ నమ్మకం నిజమైంది, నమ్మడానికి నీకు కారణమూ ఉంది, మరి రైలొస్తోందని నీకు తెలిసినట్టేనా? తెలియలేదు, గుడ్డిగా తగిలిందంతే. ఆ రోజు అందరూ మెచ్చుకున్నారు, ఒకాయన గేటు అసలు గేటేనా అని మొదలుపెట్టాడు, టీ చల్లారిపోయింది. ఏసీ గదిలో పనస చెక్క బల్ల చుట్టూ కూర్చుని ఆ బల్ల ఉందా, చెక్క అణువులు బల్లలా పేరుకుని ఉన్నాయా అని మధ్యాహ్నం దాకా మాట్లాడుకునే మనుషులు వాళ్లు, ఆమెకి వాళ్లంటే ప్రేమ, వాళ్ల మధ్య ఆమెకి ఊపిరాడుతుంది, ఇక్కడే ఆడదు. అయినా ఇది గేటు వ్యవహారం కాదు, దూది ఆమె కళ్లారా చూసింది, జెర్రీ ముఖంలో రంగు మారడం చూసింది, అబద్ధం చెప్పడం చెవులారా విన్నది. ఈ పెళ్లిలో కిడ్నీ జబ్బు దాగి ఉంది, ఆ మాట మీద ఆమె బైబిలు ముట్టుకుని ఒట్టేయగలదు.

నాన్న జబ్బు కూడా ఇలాగే దాగి ఉండేది. గ్యాస్ ట్రబులే అనేవాడు ప్రభాకరరావు, ముఖం ఉబ్బితే నిద్ర చాల్లేదనేవాడు, కాళ్లు ఉబ్బితే తోటలో ఎక్కువ నిలబడ్డాననేవాడు. తొంభైతొమ్మిది తుపానుకి కొబ్బరితోట సగానికి సగం పడుకుంటే, పడిన చెట్టు పడిన చోటే గుంట తీసి మళ్లీ మొక్క పెట్టాడు, ఆ తర్వాతి ఏడు మిగిలిన ముసలి చెట్లు కూడా ఒక్కొక్కటీ తీసేసి మొక్కలు పెట్టాడు, చివరికి పాతది ఒక్క చెట్టు లేదు, ఇది తాత వేసిన తోటే అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. అన్నీ మారాక అదే తోట ఎలా అవుతుంది నాన్నా, అని ఎమ్మే చదివే కూతురి బడాయితో అడిగింది. "నాను పెట్టినంత సేపూ అదే తోటే" అన్నాడు. దాని మీద ఆమె ఒక పేపరు రాసింది, వస్తువులు కాలంలో ఎలా నిలుస్తాయని, ముక్కలు మారినా వస్తువు అదేనా అని, నాన్న పేరు అందులో లేదు. నాన్నకి ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. ఏ గ్లాసు నీళ్లతో మొదలైంది, మొన్నటి గ్లాసుతో కాదు, దాని ముందుదానితో కాదు, ఒక్క గ్లాసు ఎక్కువైతే ఎవరూ చావరు, అయినా గ్లాసులన్నీ కలిసి మనిషిని తీసుకుపోయాయి. నీళ్లేనా అంటే అదీ తేలలేదు. ఎక్కడెక్కడి డాక్టర్లో వచ్చి బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, రక్తం పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, ఏదీ తిరిగి చెప్పలేదు. నీళ్లంటారు కొందరు, మందు కొట్టిన పంటంటారు కొందరు, జీడిపిక్కల పొగంటారు, వంశం అంటారు. ఊరంతటికీ తెలిసిన విషయం, ఎవరికీ తెలియని విషయం.

చివరి నెలల్లో గానీ అమ్మకి తెలియలేదు. విశాఖ ఆసుపత్రి వరండాలో దయామణి గోడకి ఆనుకుని కూర్చుంటే, నాన్న ముందే చెప్పి ఉండాల్సిందమ్మా, నీకు చెప్పకపోవడం తప్పు, అంది రెబెక్కా, కోపంగా అంది, ఆ కోపం ఇప్పటికీ ఉంది, చచ్చిపోయినవాడి మీద. అమ్మ నాన్న మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. తరవాత "ముందే తెలిసుంటే ఏటి సేద్దును, ముందునుంచీ ఏడుద్దును" అంది. తెలియడం దేనికి విలువైనది, ఊరికే నిజమైన నమ్మకం కంటే దానికి ఎక్కువేముంది, అని పుస్తకాల్లో ఒక అధ్యాయమే ఉంటుంది, ఆ అధ్యాయం ఎప్పుడు తీసినా ఆ వరండా ఫినాయిలు వాసన వేస్తుంది ఆమెకి. లేదమ్మా, ఏడవడం కాదు, ముందే తెలిస్తే పెళ్లే చేసుకునేదానివి కాదు, అనబోయి ఆగింది, పెళ్లి చేసుకోకపోతే తామిద్దరూ ఉండరు కదా. ఇంకో లోకంలో అమ్మ ఇచ్ఛాపురంలో ఒరియా మాట్లాడే బడి టీచర్ని చేసుకుని, ఇంకో బావి నీళ్లు తాగి, ఇంకెవరో ఇద్దరు పిల్లల్ని కని, ఈపాటికి మనవల్ని ఎత్తుకుని ఉంటుంది. ఆ లోకం కూడా ఈ లోకమంత నిజమే అనే తత్వవేత్తలు ఉన్నారు, పెన్షను తీసుకునే మనుషులే, పిచ్చివాళ్లు కాదు. నిజమైతే అమ్మకేం లాభం, ఆ అమ్మ ఈ అమ్మ కాదు. ఈ అమ్మ, నాన్న పోయిన నాలుగేళ్లకి, ఇవాళ మొదటిసారి కనకాంబరాలు పెట్టుకుంది.

ఆమెన్ అన్నారందరూ. కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగిపోతున్న కొద్దీ మందిరం నిండా చెమటా, కొబ్బరినూనే, బయట తోటల్లోంచి మగ్గిన జీడిమామిడి పళ్ల ఘాటూ. పాటల పుస్తకాలు విసనకర్రలయ్యాయి. హెలెన్ మాత్రం విసురుకోవడం లేదు, రుమాలు మడిచి ఒళ్లో పెట్టుకుని ఎదుట గోడ మీద వాక్యం చూస్తోంది, చిక్కింది పిల్ల, పెళ్లికి ముందు అందరూ చిక్కుతారు. నాన్న పోయాక ఏడాదికొకసారి ఇద్దరు ఆడపిల్లలూ పరీక్ష చేయించుకోవాలని డాక్టరు చెప్పాడు. రెబెక్కా విశాఖలో చేయించుకుంటుంది, హెలెన్ తను పాఠాలు చెప్పే పలాసలో చేయించుకుంటుంది, అడిగితే "నాకేటక్కా, గుండ్రాయిలా ఉన్నాను" అంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ రెబెక్కాకి గుండె మీంచి బరువు దిగినట్టుంటుంది. అటువంటి పిల్లని తెలిసి తెలిసి జబ్బుమనిషికి కట్టబెట్టడమా? ఈ వీధిలో ఇంటింటికీ ఒక మగమనిషి ఫోటో గోడకెక్కింది, నలభై దాటకుండానే ఎక్కింది, హెలెన్ ఇంటి గోడకి కూడా ఒకటి కావాలా?

చెప్పడానికి ఈ వారమంతా ప్రయత్నించింది. హెలెన్ని పట్టుకుంటే, చీరలకి ఫాల్సు కుట్టించాలక్కా అని లేచిపోయింది, మళ్లీ పట్టుకుంటే ముఖం ఎర్రబడి "జెర్రీ గురించి నాతో ఏటీ సెప్పకు. నాకు తెలాల్సింది నాకు తెలుసు" అంది, ప్రేమలో పడ్డ పిల్లలందరూ అనే మాటే. జెర్రీకి ఫోను చేస్తే ఎత్తలేదు. పంతులు గారింటికి నిన్న వెళితే ఆయన ఇచ్ఛాపురంలో ఎవరో పోతే భూస్థాపనకని వెళ్లారట, ఇవాళ పొద్దున్న బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చారు. అమ్మకి చెప్పలేకపోయింది. ఇక ఉన్నది ఈ మూడో పిలుపు. అయినా చెప్పే హక్కు తనకుందా? జబ్బు ఎవరిదో ఆ నిజం వాడిది, వాడి ఒంటి సంగతి పదిమందిలో పెట్టడానికి నువ్వెవరు అని ఒక వాదం. ఆ నిజం ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లది కూడా అని ఇంకో వాదం. టెక్కలి కాలేజీలో డిగ్రీ పిల్లలకి వారానికి రెండు పూటలు నీతిశాస్త్రం చెప్తుంది, అక్కడ ఐశ్వర్య అనే పిల్ల, ముందు బెంచీలో కూర్చునే గడుగ్గాయి, అడిగింది, "మేడమ్, అడగనోళ్లకి నిజం సెప్పకపోతే అది అబద్ధమేనా?" రెబెక్కా బోర్డు మీద రెండు నిలువు గీతలు గీసి, అబద్ధం చెప్పడం వేరు, చెప్పకుండా ఊరుకోవడం వేరు, ఊరుకోవడం వల్ల ఎదటిమనిషికి నష్టం జరిగితే రెండోది మొదటిదానికేం తక్కువ కాదు, అని చెప్పింది. పిల్లలు రాసుకున్నారు. బోర్డు మీద ఎంత సులువు. పిల్లలు రాసుకున్నది పరీక్షకి పనికొస్తుంది, తను రాసుకున్నది తనకి పనికిరావడం లేదు.

వాక్యం అయిపోయి కానుకల సంచి వచ్చింది, అమ్మ ముడి విప్పి వేసింది, సంచి ముందుకి వెళ్లింది. ముందు చాప మీద జెర్రీ తల్లి చిన్నతల్లి కొత్త చీర కుచ్చిళ్లు నలగకుండా కూర్చుంది, మూడో పిలుపుకి మగపెళ్లివాళ్లు రావడం ఈ సంఘంలో ఆనవాయితీ. ఇందాక గుమ్మం దగ్గర హెలెన్ గడ్డం పట్టుకుని, "నా కోడలు బంగారం, నాకు ముందు మనవరాల్ని ఇయ్యి" అని అందరి ముందూ ముద్దు పెట్టుకుంది. ఆమె చేతివేళ్ల చివర్లు జీడి నూనెకి కాలి నల్లగా ఉన్నాయి, పిక్కలు కొట్టి కొట్టి, అమ్మ వేళ్లూ అంతే. ఈమెకి కొడుకు సంగతి తెలుసా? తెలిసీ దాచిందా, ముద్దులు పెట్టుకుంటూ? లేక ఈమెకీ తెలియదా? రెబెక్కా ఆమెని తిట్టుకోబోయి తిట్టుకోలేకపోయింది. లేచి చెప్తే ఈమె ముఖం ఎలా అవుతుంది, హెలెన్ మళ్లీ తనతో మాట్లాడుతుందా, ఊళ్లో ఇంకో సంబంధం వస్తుందా, ఫలితాలన్నీ కూడేసుకుని ఎక్కువ మేలు ఎటుంటే అటు పొమ్మంటారు కొందరు, కూడికలు కట్టిపెట్టి చెయ్యవలసింది చెయ్యమంటారు కొందరు, మంచి మనిషైతే ఏం చేస్తుందో అది చెయ్యమంటారు ఇంకొందరు, మంచి మనిషి ఈ చాప మీద కూర్చుంటే ఆవిడకీ ఇలాగే చెమటలు పడతాయి. చెప్పనులే, అనుకుంది. అనుకోగానే హాయనిపించింది, ఆ హాయిని చూసి భయమేసింది, అది పిరికితనం హాయిలా ఉంది. అయితే చెప్తాను, అనుకుంది.

పంతులు గారు కళ్లజోడు మార్చుకున్నారు. స్త్రీల సమాజం కూడిక బుధవారం కాదు, గురువారం. గోడకి సున్నం వేసేవాళ్లు పేర్లు ఇవ్వాలి. "మరియు వివాహ ప్రకటన. కాశీబుగ్గ వాస్తవ్యులు ఏసుబాబు, చిన్నతల్లి గార్ల కుమారుడైన జెర్రీకిని, జలంత్రకోట వాస్తవ్యులు కీర్తిశేషులు ప్రభాకరరావు గారు, దయామణి గార్ల రెండవ కుమార్తె హెలెన్‌కును పరిశుద్ధ వివాహము నిశ్చయింపబడినది. ఇది మూడవ పర్యాయము. ఈ వివాహము జరుగకూడదనుటకు తగిన కారణము ఎరిగినవారెవరైనను ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను." ఎరిగినవారు. ఆ మాట చెవిన పడడం తెలుసు, ఆ తర్వాత ఆలోచించుకుని లేచిందా, లేచాక ఆలోచించిందా, మనిషి పని చెయ్యడమంటే ఏమిటి, చెయ్యి దానంతటది లేవడానికీ చెయ్యి ఎత్తడానికీ తేడా ఏమిటి అని ఒక టర్మంతా చదువుకుంది గానీ రెబెక్కాకి తెలిసింది ఇంతే, మందిరంలో అందరూ కూర్చుని ఉన్నారు, తను నిలబడి ఉంది. తలలు తిరిగాయి. చిన్నతల్లి తిరిగింది. జెర్రీ తిరగలేదు, తల వంచుకున్నాడు, కుడి చేత్తో ఎడమ మోచేయి పట్టుకున్నాడు. ఎవరో పిల్లాణ్ని ఊరుకోబెట్టారు. పంతులు గారు కళ్లజోడు మీదుగా చూసి, "ఏటమ్మా రెబెక్కా?" అన్నారు.

కొంగు బిగిసింది. హెలెన్ పట్టుకుని కిందికి లాగుతోంది, రెబెక్కా వంగితే చెవిలో చెల్లెలి ఊపిరి వేడిగా తగిలింది. "ఆడిది కాదక్కా, నాది. నాకు పాడయ్యాయి, రెండూను. ఆడు తన కిడ్నీ ఒకటి ఇత్తానని రగతం సూపించుకున్నాడు, కలిసింది. పెళ్లయితేనే ఇవ్వనిత్తారంట. అమ్మకి తెలీదు, ఆలమ్మకీ తెలీదు. కూకో అక్కా."

ఇదీ ఆ రైలు గేటు వ్యవహారమే, దీనికి పుస్తకాల్లో ఒక పేరుంది, ఆ పేరు గుర్తు రాలేదు. గుర్తొచ్చింది ఒక్కటే, గుండ్రాయిలా ఉన్నానన్న మాటని ఇన్నేళ్లూ ఒక్కసారైనా తిప్పి చూడలేదని, మాటని నమ్మడం గురించి అన్ని పేజీలు రాసి, చెల్లెలి ముఖం వైపు చూడలేదని. ఆ ముఖం ఇప్పుడు చూసింది. కళ్ల కింద ఉబ్బు నాన్న ఉబ్బే. ఎంతకాలం నుంచో. నాకెందుకు చెప్పలేదే, నా కిడ్నీ పనికిరాదా, నన్నడగవా, అని సిగ్గుతోనూ ప్రేమతోనూ అరవాలనిపించింది. ఎదర చిన్నతల్లి ఇంకా ఇటే చూస్తోంది, నల్లబడిన వేళ్లతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మనవరాలు కావాలన్న మనిషి, కొడుకు ఒంట్లోంచి ఏం తీసి ఇవ్వబోతున్నాడో తెలియని మనిషి. ఆ నిజం ఆమె నెత్తిన కూడా పడుతుంది. లేచి చెప్పడానికి రెబెక్కా వారమంతా పోగుచేసుకున్న కారణాలన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు, ఇప్పుడవి చిన్నతల్లి పక్షాన ఉన్నాయి, అంతే. జెర్రీకి తెలుసు కదా, తెలిసే ఇస్తున్నాడు కదా, అని ఒక జవాబు తోచింది. మంచి జవాబే. కానీ ఆ జవాబు తోచకముందే ఆమె నోరు తెరిచింది.

"ఏం లేదయ్యగారూ, అభ్యంతరం ఏమీ లేదు. కాలు తిమ్మిరెక్కి లేచానండి."

మగవాళ్ల వైపు నుంచి ఒక నవ్వు, దాని వెనక మందిరమంతా నవ్వు, చిన్నతల్లి కూడా కొంగు తీసి నవ్వింది, పంతులు గారు "దేవుని కృప" అని కళ్లజోడు సర్దుకుని, మూడో పిలుపు పూర్తయిందని చెప్పి, పాట నంబరు చదివారు. తప్పెట మోగింది. కరెంటు వచ్చి ఫ్యాన్లు కదిలాయి. జెర్రీ అలా వంచిన తల ఎత్తలేదు. రెబెక్కా కూర్చుంది, హెలెన్ చెయ్యి ఆమె చేతిలో ఉంది, తడిగా, బరువుగా, అందరూ పాడుతున్నారు కాబట్టి ఆమె కూడా నోరు కదిపింది.

అమ్మ ఇటు వంగింది. "ఒలే, ఏటయిందే నిజంగా?" అని అడిగింది.

"తిమ్మిరమ్మా. ఇందాకట్నుంచీ మడిచే కూర్చున్నాను."

దయామణి నమ్మింది. నమ్మకపోవడానికి ఆమెకి కారణమేమీ లేదు. పాటల పుస్తకం పక్కన పెట్టి, జరిగి, కూతురి పాదాల దగ్గరికి చెయ్యి చాపి, "ఏ కాలే?" అంది.

రెబెక్కా ఎడమ కాలు చాపింది. అమ్మ పిక్క పట్టుకుని పాట అయిపోయేదాకా మెల్లగా నొక్కుతూ ఉంది.